బండి తాళం ఎవరి జేబులో ఉంది? ‘జులైస్ పీపుల్’ నవలలో అధికారం చేతులు మారిన తీరు

సంక్షిప్తంగా: దక్షిణాఫ్రికా రచయిత్రి నాదీన్ గోర్డిమర్ 1981లో ప్రచురించిన ‘జులైస్ పీపుల్’ ఆ దేశంలో అంతర్యుద్ధం వచ్చినట్టు ఊహించి రాసిన నవల. జొహానెస్‌బర్గ్ నుంచి పారిపోయిన ఒక తెల్ల కుటుంబం, తమ ఇంట్లో పనిచేసిన నల్ల మనిషి ఊళ్లో తలదాచుకుంటుంది. యుద్ధం ఎక్కడో దూరంగా జరుగుతుంటుంది. కథ మాత్రం ఒక బండి తాళం, ఒక తుపాకీ, ఒక రేడియో చుట్టూ తిరుగుతుంది. దీన్ని జోస్యంగా చదివినా, యజమాని నౌకరైన కథగా చదివినా అసలు సంగతి చేజారుతుంది. మంచి యజమానుల మంచితనం ఎవరి ఖర్చుతో నడిచిందో లెక్క తీయడమే ఈ నవల పెట్టుకున్న పని.

పట్టుమని రెండు వందల పేజీలు కూడా లేని ఈ నవల, వలసపాలన అనంతర సాహిత్యం చదివే విద్యార్థులను ఇప్పటికీ ఇబ్బంది పెడుతూనే ఉంది. రాసింది వర్ణవివక్షను జీవితాంతం వ్యతిరేకించిన తెల్ల రచయిత్రి. కథలో ఆమె ఎక్కువగా నిలదీసింది వర్ణవివక్షను సమర్థించేవారిని కాదు, తనలాగే దాన్ని వ్యతిరేకించే తెల్లవారిని. ఆమె ఊహించిన అంతర్యుద్ధం రానే లేదు. వర్ణవివక్ష ముగిశాక, 2001లో, ఇదే పుస్తకం జాతివివక్షతో నిండి ఉందంటూ ఒక రాష్ట్ర విద్యాశాఖ సమీక్షకులు బడి పాఠాల నుంచి తీసేయమన్నారు. వ్యతిరేకి రాసిన పుస్తకం మీద ఆ నింద ఎలా పడిందో, రాని యుద్ధం గురించిన నవలను ఇంకా ఎందుకు చదువుతున్నారో అర్థం కావాలంటే కథ లోపలి యంత్రాంగాన్ని విప్పి చూడాలి.

కథ ఏమిటి

బామ్ స్మేల్స్ ఆర్కిటెక్ట్. అతని భార్య మోరీన్ బంగారు గనిలో షిఫ్ట్ బాస్‌గా పనిచేసిన తెల్లవాడి కూతురు. ముగ్గురు పిల్లలు. ప్రభుత్వ విధానాలు నచ్చని ఉదారవాదులు. దేశం విడిచి వెళ్లిపోదామని ఎన్నోసార్లు అనుకున్నారు, వెళ్లలేదు. సమ్మెలు అల్లర్లుగా, అల్లర్లు యుద్ధంగా మారాయి. విమానాశ్రయాల మీద దాడులు మొదలయ్యాక వెళ్లే దారి మూసుకుపోయింది. అప్పుడు పదిహేనేళ్లుగా తమ ఇంట్లో పనిచేస్తున్న జులై, తన ఊరికి తీసుకెళ్తానన్నాడు. బామ్ తన నలభయ్యో పుట్టినరోజుకు వేట సరదా కోసం కొనుక్కున్న పసుపు రంగు బక్కీలో, అంటే చిన్న ట్రక్కులో, ఆరు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. మూడు పగళ్లు, మూడు రాత్రులు. దారి చూపింది జులై.

ఊళ్లో జులై తల్లి ఉండే గుడిసెను ఖాళీ చేయించి వీళ్లకిచ్చారు. మరునాడు పొద్దున జులై ఎప్పటిలాగే టీ పట్టుకొచ్చాడు. నవల మొదలయ్యేది అక్కడే. తలుపు లేని గుడిసె గుమ్మంలో నిలబడి, పట్నంలో పడకగది తలుపు తట్టి అడిగినట్టే టీ కావాలా అని అడుగుతాడు. పాత అలవాటు అలాగే ఉంది, దాన్ని నిలబెట్టిన ఇల్లు మాత్రం లేదు. అక్కణ్ణుంచి చివరి పేజీ దాకా ఆ అలవాటు ఒక్కో ముడీ ఎలా విడిపోతుందన్నదే కథ.

యుద్ధం గురించి పాఠకుడికి తెలిసేదంతా రేడియో ద్వారానే. ఒక్క పోరాట సన్నివేశం లేదు, ఒక్క సైనికుడు ఎదురుపడడు. అంతర్యుద్ధ నవల అనగానే బాంబులు, శరణార్థి శిబిరాలు, ఊచకోతలు ఆశించే పాఠకుడికి ఇది నిరాశే. యుద్ధం ఇక్కడ రోడ్లను, బ్యాంకులను, పోలీసులను ఒక్కసారిగా తీసి పక్కన పెట్టేసింది. అవన్నీ పోయాక ఇద్దరు మనుషుల మధ్య ఇంకా ఏం మిగిలి ఉంటుందన్నదే రచయిత్రి ప్రశ్న.

1980 నాటికి ఆ ఊహ ఎందుకు నమ్మదగ్గదిగా ఉంది

ఇవాళ చూస్తే అతిశయోక్తిగా కనిపించే ఈ దృశ్యం నవల వచ్చిన నాటికి పత్రికల్లో చర్చకు వచ్చే అవకాశమే. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో నల్లవారి రాకపోకలను కట్టడి చేసే పాస్ చట్టాలకు నిరసనగా గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. 1976 జూన్ 16న సొవెటోలో, తెల్ల పాలకుల ఆఫ్రికాన్స్ భాషలో పాఠాలు చెప్పడాన్ని వ్యతిరేకించిన విద్యార్థుల మీద తూటాలు పేలాయి. మరుసటి ఏడాది సెప్టెంబరులో నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టీవ్ బికో పోలీసు నిర్బంధంలో చనిపోయాడు.

సరిహద్దుల అవతల మార్పు ఇంకా వేగంగా జరిగింది. 1975లో మొజాంబిక్, అంగోలా పోర్చుగీసు పాలన నుంచి బయటపడ్డాయి. అంగోలాలో క్యూబా సైనికులు దిగారు. 1980 ఏప్రిల్‌లో, తెల్లవారు పాలించిన రొడీషియా జింబాబ్వే అయింది. అంటే తెల్లవారి పాలన చుట్టూ అప్పటిదాకా రక్షణ గోడలా ఉన్న పొరుగు రాజ్యాలు అయిదేళ్లలో ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. మొజాంబిక్, రొడీషియాల నుంచి వెళ్లిపోయిన తెల్ల కుటుంబాలు చాలా వరకు దక్షిణాఫ్రికాకే వచ్చాయి. ఇక్కడి నుంచి వెళ్లాల్సి వస్తే ఎక్కడికి అన్న ప్రశ్న స్మేల్స్ దంపతులకు ఒక్కరికే కాదు, ఆ వర్గానికంతా ఉండేది.

పుస్తకం మొదట్లో గోర్డిమర్ ఇటలీ మార్క్సిస్టు ఆంటోనియో గ్రాంషీ జైలు రాతల్లోని ఒక మాటను పెట్టారు. పాతది చస్తోంది, కొత్తది పుట్టలేకపోతోంది, ఈ నడిమి కాలంలో రకరకాల రోగలక్షణాలు బయటపడతాయన్నది దాని సారాంశం. విప్లవం వస్తుందని చాటడం కోసమైతే ఇంతకన్నా ఉత్సాహమిచ్చే వాక్యాలు గ్రాంషీలోనే బోలెడు దొరికేవి. ఏరికోరి ఈ మాటనే తీసుకోవడంలో నవల హద్దు తెలుస్తుంది. గెలుపు ఎవరిదన్నది దీని విషయం కాదు. పాత లెక్కలు చెల్లక, కొత్త లెక్కలు రాయబడక ఉన్న కొన్ని వారాల్లో మనుషులు ఒకరినొకరు ఏ కొలతతో కొలుచుకుంటారన్నది విషయం.

మంచితనానికి పెట్టుబడి

స్మేల్స్ దంపతులు చెడ్డ యజమానులు కారు. జులైని కొట్టలేదు, తిట్టలేదు. బుధవారాలు, ఆదివారం విడిచి ఆదివారం సెలవు. రెండేళ్లకోసారి ఊరికి పంపేవారు. అతని పట్నపు స్నేహితురాలు ఎలెన్ సంగతి తెలిసినా ఏమీ అనలేదు. తాము అందరిలాంటి తెల్లవాళ్లం కామన్నది వాళ్ల నమ్మకం, వాళ్ల ఆత్మగౌరవానికి ఆధారం కూడా. నవల ఈ నమ్మకాన్ని వెక్కిరించదు, దాని చిట్టా అడుగుతుంది.

ఆ చిట్టా అర్థం కావడానికి ఇల్లు దాటి భూమి దగ్గరికి వెళ్లాలి. 1913 నాటి భూమి చట్టం నల్లజాతీయులు భూమి కలిగి ఉండగల ప్రాంతాన్ని దేశం మొత్తంలో దాదాపు 7 శాతానికి కట్టడి చేసింది. 1936లో దాన్ని 13 శాతం దాకా పెంచుతామన్నారు. జనాభాలో అధిక సంఖ్యాకులకు అంత కొద్ది నేల మిగిలినప్పుడు సేద్యంతో కడుపు నిండదు. మగవాళ్లు గనులకు, పట్నాలకు, తెల్లవారి వంటిళ్లకు పోక తప్పలేదు. వాళ్లు కుటుంబాలతో పట్నంలో స్థిరపడకుండా పాస్ చట్టాలు కాపలా కాశాయి. 1952 తర్వాత నల్లజాతి వయోజనులు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాల్సిన పాస్ బుక్కులో యజమాని నెలనెలా సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే పట్నంలో ఉండే హక్కే లేదు.

సామాజిక శాస్త్రవేత్త హెరాల్డ్ వోల్పే 1972లో ఈ ఏర్పాటు వెనకున్న ఆర్థిక తర్కాన్ని వివరించాడు. పనివాడి భార్యాబిడ్డలను, ముసలి తల్లిదండ్రులను పల్లెలోని చిన్న కమతం పోషిస్తుంది కాబట్టి, యజమాని అతనొక్కడు బతకడానికి సరిపోయే జీతం ఇస్తే చాలు. అంటే జులై జీతం తక్కువగా ఉండటానికి కారణం మోరీన్ పిసినారితనం కాదు. ఊళ్లో అతని భార్య మార్తా కొడవలి పట్టి చేసే పని ఆ జీతంలో కొంత భాగాన్ని మోస్తోంది. మోరీన్ ఇంటి ఖర్చులో కొంత, ఆమె ఎన్నడూ చూడని ఒక ఆడమనిషి భరిస్తోంది. ఊరికొచ్చాక ఇద్దరూ ఎదురుబొదురుగా నిలబడతారు. ఆ క్షణానికి నవలలో పెద్ద మాటలేమీ ఉండవు. ఈ ఆడమనిషి ఇక్కడెందుకుంది, ఎన్నాళ్లుంటుంది అన్న చిరాకు మాత్రం మార్తా వైపు నుంచి వినిపిస్తుంది. అది సహజమైన చిరాకే.

మోరీన్‌కు ఊళ్లో తట్టే ఒక ఆలోచన నవల వాదనకు ఇరుసు లాంటిది. భార్యాభర్తల బంధం పవిత్రమైనదని, ప్రేమకు కులం జాతి ఉండవని, అందరి మనసులూ ఒకటేనని ఆమె వర్గం ధర్మంగా నమ్మింది. కానీ దంపతులకు సొంత పడకగది ఉండటం, కోరుకున్నప్పుడు కలిసి ఉండగలగడం, ఆ నమ్మకానికి అద్దె కట్టాయి. రెండేళ్లకోసారి భార్యను చూసే మనిషి దగ్గర అదే విలువను అదే రూపంలో వెతకడం అన్యాయం. ఎలెన్ విషయంలో మోరీన్ చూపిన ఔదార్యం కూడా ఈ వెలుగులో వేరుగా కనిపిస్తుంది. భార్యను దూరం చేసిన చట్టం మీద ఇల్లు నడుపుకుంటూ, ఆ దూరం వల్ల వచ్చిన పర్యవసానాన్ని చూసీ చూడనట్టు వదిలేయడం ఆ ఔదార్యం.

ఇంకో చిన్న దృశ్యం. మోరీన్ చిన్నప్పుడు బడి నుంచి ఇంటికి వస్తుంటే పనిమనిషి లిడియా ఆమె పుస్తకాల సంచి తలమీద పెట్టుకుని పక్కనే నడిచేది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం. ఎవరో ఫొటో తీశారు. ఏళ్ల తర్వాత, ఆ దేశపు జీవితాన్ని చూపే ఒక ఫొటోల పుస్తకంలో మోరీన్ దాన్ని చూసింది. తను స్నేహంగా గుర్తుంచుకున్నదాన్ని బయటివాళ్లు ఒక వ్యవస్థకు సాక్ష్యంగా అచ్చేశారు. సంచి లిడియా ఎందుకు మోస్తోందన్న ప్రశ్న ఆ చిన్నపిల్లకు ఎప్పుడూ రాలేదు. ఇష్టం అబద్ధమని నవల అనదు. ఇష్టమూ నిజమే, సంచీ నిజమే.

తాళం, తుపాకీ, రేడియో

అధికారం చేతులు మారడాన్ని ఉపన్యాసాలతో చెప్పే నవలలు చాలా ఉన్నాయి. గోర్డిమర్ వస్తువులను ఎంచుకున్నారు. ఈ పుస్తకంలో సాంకేతికంగా అన్నిటికన్నా బలమైన భాగం ఇదే.

మొదటిది బక్కీ. ఊరికి వచ్చిన కొద్దిరోజులకే ఎవరో దాన్ని నడుపుకుంటూ వెళ్లిపోతారు. జులై, డేనియల్ అనే యువకుణ్ణి వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాడని తర్వాత తెలుస్తుంది. అడగలేదు, చెప్పలేదు. తిరిగొచ్చినప్పుడు సరుకులు తెచ్చాడు, అవీ వీళ్ల కోసమే. తాళం మాత్రం అతని దగ్గరే ఉండిపోయింది. డేనియల్ దగ్గర డ్రైవింగ్ కూడా నేర్చుకోవడం మొదలుపెట్టాడు. బామ్‌కు, మోరీన్‌కు ఇక్కడ చిక్కు వచ్చిపడింది. తాళం ఇచ్చెయ్ అంటే యజమానుల్లా మాట్లాడినట్టు. ఊరుకుంటే ఊరు దాటే ఒకే ఒక్క సాధనం పోయినట్టు. అతణ్ణి సమానుడిగా చూస్తున్నామని ఏళ్లుగా చెప్పుకున్నవాళ్లకు, సమానుడు తమ బండి వాడుకుంటే ఏమనాలో తెలియలేదు.

జులై జవాబు పదునుగా ఉంటుంది. మీరు సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇంటి తాళాలన్నీ నా దగ్గరే ఉండేవి కదా అని గుర్తుచేస్తాడు. పదిహేనేళ్లు నమ్మారు, ఇప్పుడెందుకు అనుమానం? ప్రశ్న సూటిగా ఉంది, జవాబు లేదు. ఎందుకంటే అప్పుడు తాళాలు అతని చేతిలో ఉన్నా వాటి వెనక పోలీసు ఉన్నాడు, పాస్ బుక్కు ఉంది, తిరిగి వచ్చే యజమాని ఉన్నాడు. నమ్మకమని పిలిచినదాన్ని నిజానికి ఆ మూడూ కలిసి నడిపాయి. ఇప్పుడా మూడూ లేవు. మాట పెరిగేసరికి మోరీన్ ఎలెన్ పేరు తీసుకొస్తుంది. ఔదార్యంతో దాచిన రహస్యం అవసరం పడగానే ఆయుధమైంది. కథ మొత్తంలో ఆమె చేసిన హీనమైన పని బహుశా ఇదే, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

రెండోది తుపాకీ. బామ్ వేటకు తెచ్చుకున్న తుపాకీని గుడిసె కప్పులో దాచాడు. దాంతో అడవిపందులను కొట్టి ఊరికి మాంసం పంచాడు. పెద్ద పందిని ఊరికిచ్చి, చిన్నదాన్ని తమకు ఉంచుకున్నాడు. పైకి త్యాగంలా కనిపిస్తుంది. చిన్నదాని మాంసం లేతగా ఉంటుందని అతనికి తెలుసు. ఈ ఒక్క వివరంలో మొత్తం ఉదారవాదాన్ని ఇమిడ్చి చూపడం రచయిత్రి గడుసుతనం. తర్వాత ఊళ్లో గుంబా-గుంబా, అంటే పెద్ద మైకు పెట్టి పాటలు, తాగుడుతో విందు జరిగిన రోజు, ఆ తుపాకీ మాయమవుతుంది. డేనియల్ కూడా కనపడడు. పోరాడేవాళ్లలో కలిసి ఉంటాడని కథ సూచిస్తుంది. తుపాకీ పోయాక బామ్ చేతిలో మగతనానికి, యజమానితనానికి గుర్తుగా మిగిలిందేమీ లేదు. నవల అతణ్ణి బోర్లా పడుకోబెట్టి, పిల్లల ముందే నిస్సహాయుణ్ణి చేసి చూపిస్తుంది.

మూడోది రేడియో. అది మాట్లాడుతున్నంతసేపూ స్మేల్స్ దంపతులు ఇంకా ఒక దేశపు పౌరులు. బ్యాటరీ అయిపోతుందేమో, స్టేషన్ మూగబోతుందేమో అన్న భయం ఆకలి భయాన్ని మించి ఉంటుంది. జులైకి ఆ రేడియో అక్కర్లేదు. వార్త అతనికి మనుషుల ద్వారా చేరుతుంది. ఇక్కడ అధికారమంటే సమాచారం. సమాచారం ఎవరి భాషలో నడుస్తుందో ఆ భాష వచ్చినవాళ్లదే పైచేయి. వెంట తెచ్చుకున్న నోట్ల కట్టలు ఎందుకు విలువ కోల్పోతున్నాయో బామ్‌కు అర్థమవుతుంది గానీ, ఎప్పుడు పూర్తిగా కోల్పోతాయో చెప్పేవారు లేరు.

అధికారం ఇలా జారిపోతుండగా పిల్లలు ఎటు పోతున్నారన్నది పక్కన సన్నగా నడిచే కథ. బామ్ అమర్చిన నీళ్ల ట్యాంకు నుంచి ఊరివాళ్లు నీళ్లు పట్టుకుంటుంటే, మన నీళ్లు దొంగిలిస్తున్నారని కొడుకు విక్టర్ మొదట ఫిర్యాదు చేస్తాడు. కూతురు జీనా, న్యికో అనే ఊరి పిల్లతో జట్టుకట్టి ఆ భాష నేర్చేసుకుంటుంది, పసిబిడ్డను వీపుకు కట్టుకుని తిరుగుతుంది. చివరికి అదే విక్టర్, ఎవరైనా ఏదైనా ఇస్తే ఊరి పిల్లల్లాగే చేతులు మెల్లగా తట్టి, దోసిలి పట్టి అందుకుంటాడు. పెద్దవాళ్లకు పోయిందన్నది పిల్లలకు ఎన్నడూ పూర్తిగా అంటనే లేదు.

వంటింటి ఇంగ్లిష్

జులై మాట్లాడే ఇంగ్లిష్ వంటిళ్లలో, ఫ్యాక్టరీల్లో, గనుల్లో నేర్చుకున్నది. ఆజ్ఞ, దానికి బదులు. ఆ భాషకు తెలిసింది అంతే. భావాలు, అభిప్రాయాలు పంచుకోవడానికి అది పుట్టలేదు. తాము జులైతో మాట్లాడుతున్నామని మోరీన్ అనుకున్నది పదిహేనేళ్లూ ఆ ఇరుకు సందులోనే. తమ భాషలో మనసు విప్పి మాట్లాడే అవకాశం జులైకి ఇవ్వడం ఆమెకు తట్టలేదు, అతని భాష నేర్చుకోవడం అసలే తట్టలేదు. అతని అసలు పేరు మ్వావాతే అని కూడా పాఠకుడికి ఆలస్యంగానే తెలుస్తుంది.

తుపాకీ పోయినప్పుడు మోరీన్ అతణ్ణి నిలదీస్తుంది. వాగ్వాదం ముదిరినప్పుడు జులై ఇంగ్లిష్ వదిలేసి తన భాషలో మాట్లాడతాడు. ఒక్క ముక్క తెలియకపోయినా ఆమెకు అంతా అర్థమవుతుంది: మంచివాడు, నిజాయితీపరుడు, మర్యాదస్తుడు అని ఆమె ఇచ్చిన కితాబులు అతనికి ఏనాడూ అక్కర్లేదు. మనిషిగా తన కొలత తీసేవాళ్లు వేరే ఉన్నారు, వేరే చోట ఉన్నారు. నవలలో నిజంగా అధికారం మారేది ఇక్కడ. తాళం తీసుకోవడం కన్నా ఇది పెద్దది. మెచ్చుకునే హక్కును ఆమె నుంచి తీసేసుకున్నాడు.

రచనా పద్ధతి కూడా ఈ తికమకకు తగ్గట్టే ఉంటుంది. సంభాషణలకు కొటేషన్ గుర్తులు ఉండవు, అడ్డగీతలే. ఏ మాట ఎవరిదో, పైకి అన్నదో మనసులో అనుకున్నదో ఒక్కోసారి మళ్లీ వెనక్కి వెళ్లి చూసుకోవాలి. కొందరు పాఠకులు ఇక్కడే పుస్తకం మూసేస్తారు. తప్పు వాళ్లది కాదు. అయితే ఆ ఇబ్బంది ఊరికే పెట్టింది కాదు.

పల్లె అంతా ఒక్కటి కాదు

ఈ నవలను యజమాని, నౌకరు తారుమారైన కథగా చదివేవారికి అడ్డుతగిలే ఘట్టం ఒకటుంది. జులై వీళ్లను ఆ ప్రాంతపు పెద్ద దగ్గరికి తీసుకెళ్తాడు. గెంటేస్తారేమోనన్న భయంతో వెళ్తారు. ఆ పెద్ద అడిగింది వేరు. తుపాకీ కాల్చడం తనకు నేర్పమంటాడు, వస్తున్న పోరాటకారులను అడ్డుకోవాలంటాడు. నీ సొంత జనాన్నే కాలుస్తావా అని బామ్ నిర్ఘాంతపోతాడు.

బామ్ ఆశ్చర్యమే అతని అమాయకత్వం. నల్లవారంతా ఒకే పక్షమని అనుకోవడం కూడా తెల్ల ఉదారవాది అలవాటే. 1951 నాటి బంటూ అధికారుల చట్టంతో ప్రభుత్వం గ్రామీణ పెద్దలను తన జీతగాళ్లుగా, తన పాలనా యంత్రంలో భాగంగా మార్చింది. ట్రాన్స్‌కై 1976లో, బొపుతట్స్వానా 1977లో, వెండా 1979లో, ఇలా నల్లవారికి కేటాయించిన ప్రాంతాలు పేరుకు స్వతంత్ర దేశాలయ్యాయి. దక్షిణాఫ్రికా తప్ప ప్రపంచంలో ఏ దేశమూ వాటిని గుర్తించలేదు. ఆ ఏర్పాటులో కుర్చీ దొరికినవాడికి విముక్తి అంటే కుర్చీ పోవడం. పదేళ్ల తర్వాత చరిత్రలో ఇదే జరిగింది. 1990 నుంచి 1994 దాకా నెత్తురు ఎక్కువగా కారింది తెల్లవారికి నల్లవారికి మధ్య యుద్ధంలో కాదు. మండేలా పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్, జులూ జాతీయుల పార్టీ ఇంకాతా వర్గాల ఘర్షణల్లో, వాటి వెనక భద్రతా దళాల కొన్ని విభాగాలు ఆడించిన ఆటల్లో వేల మంది చనిపోయారు. జోస్యం చెప్పలేదంటూ తోసిపుచ్చే ఈ నవలలో కాస్తో కూస్తో జోస్యమంటూ ఉంటే అది ఈ ఘట్టమే.

జులై పరిస్థితి కూడా పైకి ఎదిగినవాడిది కాదు. పట్నం జీతం పోయింది. ఎలెన్ ఏమైందో తెలియదు. ఊళ్లో అతను సగం పరాయివాడు. రెండేళ్లకోసారి సెలవుల్లో మాత్రమే కనిపించిన భర్త. మోరీన్ ఆడవాళ్లతో కలిసి ఆకుకూరలు కోయడానికి పొలం వెళ్తుంటే అతనికి నచ్చదు. ఆమె పొలం పనిచేస్తే ఇన్నాళ్లూ తను సేవచేసింది ఎవరికన్నట్టు ఉంటుంది. యజమానురాలి హోదాలో అతని హోదా కూడా కొంత ఇరుక్కుని ఉంది. మార్తా దగ్గర మాత్రం అతను యజమానే. జాతి, వర్గం, స్త్రీపురుష భేదం మూడూ వేర్వేరు లెక్కలని, ఒకటి తలకిందులైతే మిగతావి వాటంతటవి కావని ఇంత క్లుప్తంగా చూపిన నవలలు అరుదు.

చిత్రంలో లేనివారు

ఒక లోపం చెప్పుకోవాలి. వర్ణవివక్ష రెండు రంగుల వ్యవస్థ కాదు. 1950 నాటి జనాభా నమోదు చట్టం మనుషులను తెల్లవారు, నల్లవారు, కలర్డ్ (మిశ్రమ సంతతి) అన్న వర్గాలుగా పేర్లు రాసింది, భారత సంతతిని తర్వాత వేరుగా గుర్తించింది. హక్కులు మెట్లుమెట్లుగా పంచింది. 1860 నవంబరులో మద్రాసు నుంచి డర్బన్ చేరిన తొలి ఓడతో మొదలై, నటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువాళ్లూ పెద్దసంఖ్యలో ఉన్నారు. వారి వారసులు 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. జాతిని బట్టి నివాస ప్రాంతాలను విడదీసిన గ్రూప్ ఏరియాస్ చట్టం కింద ఈ కుటుంబాలు కూడా ఇళ్లు కోల్పోయాయి, కానీ నల్లవారికి వర్తించిన పాస్ చట్టాలు వీరికి లేవు. 1984లో వచ్చిన మూడు సభల పార్లమెంటులో భారతీయులకు, కలర్డ్ ప్రజలకు చెరో సభ ఇచ్చి నల్లవారిని పూర్తిగా బయట పెట్టారు. పీడితుడే ఇంకొకరి కన్నా ఒక మెట్టు పైన ఉండే ఈ నడిమి స్థితి నవలలో దాదాపు లేదు. ఒక గుడిసె, రెండు కుటుంబాలు అన్న బిగువు కోసం రచయిత్రి చెల్లించిన మూల్యం అది.

2001 వివాదం వెనక

గౌటెంగ్ రాష్ట్రంలో బడి పుస్తకాల జాబితాను పరిశీలించిన సమీక్షకులు ఈ నవలలో జాతివివక్ష, పెత్తందారీ ధోరణి ఉన్నాయని రాశారు. అప్పటికి గోర్డిమర్‌కు నోబెల్ వచ్చి పదేళ్లు. వర్ణవివక్ష ప్రభుత్వం ఆమె పుస్తకాలు మూడింటిని వేర్వేరు కాలాల్లో నిషేధించింది. నెల్సన్ మండేలాకు యావజ్జీవ శిక్ష పడిన రివోనియా కేసులో ఆయన చేసిన ప్రసంగానికి మెరుగులు దిద్దడంలో ఆమె సాయపడ్డారు. దేశ విదేశాల్లో నిరసన రావడంతో సిఫార్సు నిలవలేదు.

సమీక్షకులను తెలివితక్కువవారని కొట్టిపారేయడం తేలిక. వారి అభ్యంతరంలో ఒక గింజ నిజముంది. కథ ఎక్కువ భాగం మోరీన్ కళ్లతో సాగుతుంది. ఆమె ముక్కుకు తగిలిన వాసన, ఆమెకు కలిగిన ఏవగింపు, ఆమె అవమానం. పల్లె పాఠకుడికి చేరేది వాటి గుండానే. పదహారేళ్ల నల్లజాతి విద్యార్థి తరగతిలో కూర్చుని ఆ పేజీలు చదివినప్పుడు, అది రచయిత్రి చూపా, పాత్ర చూపా అని విడదీసి చెప్పే ఉపాధ్యాయుడు లేకపోతే, దెబ్బ తగులుతుంది. గోర్డిమర్ మార్తాకు, జులై తల్లికి తమలో తాము మాట్లాడుకునే సన్నివేశాలిచ్చారు గానీ వాటి నిడివి తక్కువ. తెల్లవారి చూపును విప్పి చూపే పనికి ఆ చూపునే వాడుకోక తప్పలేదు. నిషేధం దానికి మందు కాదు, కానీ అభ్యంతరం అర్థం లేనిదీ కాదు.

రాని యుద్ధం, వచ్చిన మార్పు

నవల ముగింపు మీద నలభై ఏళ్లుగా వాదన నడుస్తోంది. గుర్తులు కనిపించని ఒక హెలికాప్టర్ ఊరి దగ్గర దిగుతుంది. అందులో ఉన్నది రక్షించేవాళ్లా, చంపేవాళ్లా తెలియదు. మోరీన్ భర్తనూ పిల్లలనూ వదిలి, ఏరు దాటి దాని వైపు పరుగెడుతుంది. విముక్తి అని కొందరు, పాత ప్రపంచానికే పారిపోతోందని కొందరు అంటారు. నవల తర్కం ప్రకారం చూస్తే రెండో వాదన బలంగా కనిపిస్తుంది. ఊళ్లో ఆమెకు నేర్చుకునే దారి తెరిచే ఉంది, పిల్లలు ఆ దారిలో అప్పటికే నడిచారు. ఆమె నడవలేదు. కొత్తది పుట్టేదాకా ఆగే ఓపిక పోయినవాళ్లు ఏ హెలికాప్టర్ వైపైనా పరుగెడతారు.

దేశం మాత్రం వేరే దారి పట్టింది. 1985లో అత్యవసర పరిస్థితి, 1986లో పాస్ చట్టాల రద్దు, 1990 ఫిబ్రవరి 11న మండేలా విడుదల, 1994 ఏప్రిల్ 27న అందరికీ ఓటు. ఓటు ఒక్కరోజులో వచ్చింది. పనిమనిషికీ యజమానురాలికీ మధ్య ఉన్న వంటింటి తలుపు దగ్గరికి చట్టం చేరడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఇంటిపనివాళ్లకు కనీస వేతనం, పని షరతులు నిర్ణయించిన ప్రత్యేక ఉత్తర్వు 2002లో వచ్చింది. పనిలో గాయపడినా చనిపోయినా పరిహారం ఇచ్చే చట్టం నుంచి వారిని మినహాయించడం చెల్లదని రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది 2020 నవంబరులో. తన యజమాని ఇంట్లో ఈత కొలనులో పడి మునిగి చనిపోయిన ఒక మహిళ కూతురు వేసిన కేసు అది. ఆ తీర్పు 1994 ఏప్రిల్ 27 నుంచే వర్తించేలా ఇచ్చారు.